మంచు దారిలో ముందు ఎడమ చక్రం

నేను ఒక కారు టైరును. ఇంకా కచ్చితంగా చెప్పమంటే, ముందు ఎడమ చక్రాన్ని. మీకు ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు గానీ మా వాళ్ళలో ఇది ఇంటిపేరు లాంటిది. ముందు కుడి చక్రం మీద డ్రైవరు కూర్చుంటాడు. వెనక చక్రాల మీద సామాను కూర్చుంటుంది. ముందు ఎడమ చక్రం మీద కూర్చునేది సలహాలిచ్చే మనిషి. నేను జీవితమంతా ఆ సలహాల బరువు మోశాను కాబట్టి, చెప్పడానికి నా దగ్గర కొంచెం ఎక్కువే ఉంది.

ఎక్కడో దక్షిణాన ఒక పెద్ద కర్మాగారంలో పుట్టాను. చెట్టు పాలకు మసి, గంధకం కలిపి, ఉక్కు తీగలూ గుడ్డ పొరలూ చుట్టి, ఇనుప అచ్చులో పెట్టి ఉడికించారు. బయటికి వచ్చేసరికి ఒంటి నిండా గాడులు. తడి రోడ్డు మీద నీళ్ళు ఆ గాడుల్లోంచి పక్కకు పోవాలని, మిగిలిన ఒళ్ళు రోడ్డును పట్టుకోవాలని ఏర్పాటు. పక్కన నాలుగంకెలు గుద్దారు. మొదటి రెండూ పుట్టిన వారం, తర్వాతి రెండూ పుట్టిన ఏడు. మనుషులు తమ పిల్లలకు గంట, నిమిషం, నక్షత్రం, పాదం రాయించి పెళ్ళినాడు బయటికి తీస్తారు. ప్రాణాలు మా మీద పెట్టి కొండలెక్కేటప్పుడు మాత్రం ఈ నాలుగంకెలు చూడరు.

నన్ను నర్సీపట్నంలో మీరావలి కొట్టుకు చేర్చారు. అక్కడ అటక మీద ఏడు వారాలున్నాను. టైరు కొనడానికి వచ్చే మగవాళ్ళందరికీ ఒకటే పరీక్ష తెలుసు: కాలితో తన్నడం. తన్ని, తల పంకించి, "బాగుంది" అంటారు. ఆ తన్నుకు వాళ్ళకేం తెలుస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కొందరు రెండుసార్లు తన్నేవాళ్ళు. వాళ్ళు బాగా అనుభవజ్ఞులన్నమాట.

నవంబరు చివర్లో ఒక పొద్దుట ఆ కొట్టుకు భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన పేరు సన్యాసినాయుడు. ముప్పై ఏళ్ళు నర్సీపట్నం నుంచి చింతపల్లి మీదుగా ఘాటీలో లారీ తోలిన మనిషి. మెళ్ళో తువ్వాలు, మొలతాడుకు కారు తాళంచెవి. ఆమె పేరు నూకరత్నం. యాభై ఒకటో ఏట డ్రైవింగు లైసెన్సు తెచ్చుకుంది. నర్సీపట్నం మైదానంలో, ఎండలో, చదును నేల మీద ఎనిమిది అంకె వేసి నెగ్గింది. కొండ మీద మంచులో తోలడం వేరే చదువని ఆమెకు తెలుసు. అందుకే ఆమె ముఖంలో లైసెన్సు వచ్చిన గర్వం కంటే బెంగే ఎక్కువ కనిపించింది.

సంగతేమిటంటే, వాళ్ళకు లంబసింగిలో అరెకరం కౌలు మడి ఉంది. అందులో స్ట్రాబెర్రీ వేశారు. చలికి ఎర్రగా పండే ఆ పండును సాయంత్రం కోసి, ట్రేలలో సర్ది, తెల్లవారగానే కొండ దించి, నర్సీపట్నంలో ఎనిమిది గంటల విశాఖ బస్సుకు అందించాలి. ఇన్నాళ్ళూ నాయుడు దించాడు. నిరుడు ఆయన కళ్ళకు నీటికాసులు వచ్చాయి. ఎదురుగా ఉన్నది కొంచెం కనిపిస్తుంది, పక్కలు కనిపించవు. స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సీజనులో జీపులన్నీ టూరిస్టుల వెంట తిరుగుతాయి. దొరికిన ఒక ఆటో నిరుడు పండునంతా గుజ్జు చేసి దించింది. విశాఖలో పళ్ళ దుకాణం నడిపే సుభాషిణి గారు విసిగిపోయి, ఈసారి మూడే మూడు లోడ్లు చూస్తానని, అవి బాగుంటేనే సీజనంతా తీసుకుంటానని చెప్పేశారు. ఆవిడ వద్దంటే మడి వదిలేసుకోవడమే. నూకరత్నానికి ఆ మడి అంటే ప్రాణం.

నాయుడు వస్తూనే తళతళలాడే ఒక వెడల్పాటి టైరును తన్నాడు. "ఇది తీసీ మీరావలీ. సూడ్డానికే బలంగుంది."

నూకరత్నం తన్నలేదు. వంగి, ఆ టైరు మీద బొటనవేలి గోరు ఆనించి నొక్కింది. బజారులో వంకాయను నొక్కినట్టే. గోరు దిగలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి నన్ను నొక్కింది. కొంచెం దిగింది. నన్ను మొదటిసారి ఒక మనిషి చేత్తో ముట్టుకుని చూసిందని నాకు ఎంత సంబరమైందో చెప్పలేను.

"ఇదెప్పుడు చేసినదయ్యా? మందు సీసా మీద ఉన్నట్టు దీని మీద తారీకు ఉండదా?" అని అడిగింది.

మీరావలి నవ్వాడు. "ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఈ మాట అడిగింది నువ్వేనక్కా." ఆ మెరిసే టైరు అంకెలు చూపించాడు. దాని వయసు ఆరేళ్ళు. ఎవరో తిరిగి ఇచ్చేస్తే నల్లరంగు పూసి పెట్టారు. "నాయుడుగారూ, చలికి ముసలి రబ్బరు బిగుసుకుపోతుందండి. తడి రోడ్డు మీద పట్టు ఉండదు. వెడల్పు చూసి మోసపోకూడదు, మీ కారుకు రాసిన సైజే వెయ్యాలి. అక్క చెయ్యి పెట్టిందే సరైన సరుకు."

"ఆడోళ్ళకి టైర్లేటి తెలుస్తాయి అనుకున్నాను," అన్నాడు నాయుడు, ఓడిపోయినట్టు కాకుండా ఒప్పుకున్నట్టు.

అలా నన్నూ నా ముగ్గురు తమ్ముళ్ళనూ వాళ్ళ పాత తెల్ల కారుకు బిగించారు. వెనక సీటు పీకేసి ట్రేలకు చోటు చేసుకున్న కారది. మీరావలి కారు తలుపు అంచున అతికించిన కాగితం చదివి, అందులో ఉన్నంతే గాలి కొట్టాడు. వెళ్ళబోతూ నూకరత్నం గుమ్మంలో ఆగిపోయింది. ఏ కొట్టులోనూ కొసరు తీసుకోకుండా ఆమె కదలదు. కూరగాయల దగ్గరైతే కరివేపాకు, బట్టల కొట్లో అయితే జాకెట్టు గుడ్డ. టైర్ల కొట్లో కొసరేమిటని మీరావలి తల గోక్కుని, చివరికి గాలి కొలిచే చిన్న పుల్ల ఒకటి ఇచ్చాడు. దానితోపాటు కొసరుగా ఒక మాట కూడా చెప్పాడు. "తడి రోడ్డు మీద బ్రేకును తొక్కకూడదక్కా. అడగాలి. నెమ్మదిగా అడిగితే ఇస్తుంది."

ఆమె పుల్లను కారు అరలో పడేసి, నిమ్మకాయలు కొనడానికి వెళ్ళింది. కొత్త టైర్లకు పూజ చెయ్యాలి కదా. అదిగో, ఆ పది నిమిషాల్లోనే మా కథ అడ్డం తిరిగింది. నాయుడు పక్కనున్న పెట్రోలు బంకు కుర్రవాణ్ణి పిలిచి, "బండి లోడు మోయాలి, పైగా సలి. గాలి గట్టిగా కొట్టీ," అన్నాడు. లారీ టైరును ఆయన ముప్పై ఏళ్ళు అలాగే రాయిలా ఉంచాడు. ఆయన దృష్టిలో గాలి తక్కువున్న బండి, అన్నం తినని మనిషి ఒకటే. తలుపు మీద కాగితం సంగతి ఆ కుర్రవాడు గుర్తు చేస్తే, "ఆ కాగితం రాసినోడు ఎప్పుడైనా ఘాటీ ఎక్కినాడేటి?" అన్నాడు. మా పొట్టలు ఉబ్బిపోయాయి. పెళ్ళి భోజనంలో బలవంతాన నాలుగో లడ్డూ తినిపించిన మనిషిని చూశారా, మేము అలా అయిపోయాం. నడుము మాత్రమే నేలకు ఆనుతోంది, అంచులు పైకి లేచిపోయాయి. నిమ్మకాయలతో తిరిగొచ్చిన నూకరత్నానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నాయుడికి అది చెప్పవలసిన సంగతిగా తోచలేదు. తిరుగు ప్రయాణంలో కారు కాస్త ఎగిరినట్టు ఆమెకు అనిపించింది గానీ, కొత్త టైర్లు అలాగే ఉంటాయేమో అనుకుంది.

మా మొదటి ప్రయాణం డిసెంబరు రెండో వారంలో. లంబసింగి పొద్దును మీరు చూసి ఉండకపోతే చెప్పడం కష్టం. చెట్లు లేవు, ఇళ్ళు లేవు, రోడ్డు లేదు. అన్నీ ఉన్నాయి గానీ తెల్లటి పొగమంచు వెనక ఉన్నాయి. ఆకుల మీంచి నీళ్ళు రోడ్డు మీదికి కారుతూనే ఉంటాయి. పిట్టగోడల పక్కన నాచు. నూకరత్నం రెండు స్వెట్టర్లు, తలకు మఫ్లరు కట్టుకుని కూర్చుంది. నాయుడు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, పెళ్ళికూతుర్ని అప్పగించే తండ్రిలా ఇచ్చాడు. బండి ఆగగానే తిరిగి తీసుకుంటానని ముందే చెప్పాడు.

ఆయన సలహాల్లో తప్పు లేదు, అది నేను ప్రమాణం చేసి చెబుతాను. "పెద్ద లైటు ఆపు, మంచు మీద పడి కళ్ళు కొడతాది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాల. మలుపు కాడ హారను కొట్టు. ఎడం పక్క తెల్లగీత ఒగ్గకు." అన్నీ నిజాలే. కాకపోతే ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకునే సందు లేకుండా చెప్పేవాడు. దానికి తోడు ఆయన కుడికాలు. ఆయన ముందు బ్రేకు లేదు, ఉన్నది రబ్బరు పట్టా మాత్రమే. అయినా ప్రతి మలుపులోనూ ఆ పట్టాను అదిమి తొక్కేవాడు. ఆ తొక్కుడు సరిగ్గా నా నెత్తి మీద పడేది.

ఆ రోజు బస్సుకు అందాం గానీ పండు దెబ్బతింది. మధ్యాహ్నం సుభాషిణి గారు ఫోను చేసి, అడుగు ట్రేలన్నీ నలిగి రసం కారుతున్నాయని చెప్పారు. ఎక్కడా గోతిలో దింపలేదే, ఎక్కడా సడన్‌గా ఆపలేదే అని నూకరత్నం తనలో తాను వెతుక్కుంది. ప్రతి చిన్న గులకరాయినీ మేము ఎగిరెగిరి పైకి చెప్పామని ఆమెకు ఎలా తెలుస్తుంది?

రెండో ప్రయాణం మరీ ఘోరం. నాలుగో మలుపులో తడి ఆకుల మీద నేను జారాను. సిగ్గుతో చెబుతున్నాను, జారింది నేనే. పట్టుకుందామంటే నడుము తప్ప ఏదీ నేలకు ఆనలేదు. కారు పక్కకు నడిచి పిట్టగోడకు గీసుకుని ఆగింది. దెబ్బ పెద్దది కాదు గానీ ఆమె మళ్ళీ స్టీరింగు పట్టుకోవడానికి అరగంట పట్టింది. బస్సు వెళ్ళిపోయింది. పారేయడానికి చేతులు రాక, ఆ పండునంతా నర్సీపట్నం బస్టాండులో కనిపించిన పిల్లలకు పంచిపెట్టింది. మూతులన్నీ ఎర్రగా చేసుకుని ఆ పిల్లలు సంబరపడుతుంటే ఆమె ఏడుస్తూనే నవ్వింది.

ఇంటికొచ్చాక నాయుడు తాళంచెవి మొలతాడుకు ముడేసుకుంటూ, "నీ తప్పు కాదే రత్నం. ఘాటీ అందరికీ లొంగదు. మూడో లోడు పంపొద్దు. మడి ఇచ్చీసి కిందికి పోదాం," అన్నాడు. ఆ మాట మెత్తగానే అన్నాడు. ఆమె ఆ రోజంతా ఒక్క మెతుకు ముట్టలేదు. తన చేతులే పనికిరానివని నమ్మేసింది. నోరు లేకపోవడం ఎంత బాధో నాకు తెలిసింది ఆ రోజే.

మర్నాడు ధనుర్మాసం పొద్దు. బతుకులో ఏం జరిగినా వాకిట్లో ముగ్గు మానదు కదా. పాతిక చుక్కల ముగ్గు, తడి నేల మీద బియ్యప్పిండితో వేసింది. వేశాక, గోడకు గీసుకుపోయిన కారు రేకు కడుగుదామని, నాయుడు పడుకునుండగా మొలతాడు నుంచి తాళంచెవి మెల్లగా విప్పుకుని, కారును కాస్త ముందుకు నడిపింది. పరధ్యానంలో ముగ్గు అంచు మీదుగా నడిపింది. "అయ్యో, ముగ్గు తొక్కీసాను," అని దిగి వంగి చూసింది.

నా ఒంటికి ముగ్గు అంటుకుంది. అయితే నడుమ మాత్రమే, రెండు వేళ్ళ వెడల్పున. అంచుల మీద ఒక్క పొడి కూడా లేదు.

ఆమె అలాగే కూర్చుండిపోయింది. రోజూ పాలవాడి వ్యాను ఆ ముగ్గును తొక్కి పోతుంది. రోజూ ఆమె వాణ్ణి తిడుతుంది. వాడి టైరు అచ్చు ఎప్పుడూ అరచెయ్యి వెడల్పున, అంచు నుంచి అంచు దాకా పడుతుంది. మరి తన టైరుకు నడుమే ఎందుకు అంటుకున్నట్టు? వెళ్ళి మిగతా మూడింటిని కూడా ముగ్గు మీదికి నడిపింది. పాతిక చుక్కల ముగ్గు సర్వనాశనమైంది. అన్నిటికీ నడుమే. అప్పుడు అరలోంచి కొసరు పుల్ల తీసి, గాలి కొట్టే నా మూతికి పెట్టింది. తలుపు మీద కాగితం చూసింది. మళ్ళీ పుల్ల చూసింది. కాగితంలో ఉన్నదానికంటే దాదాపు సగం ఎక్కువుంది.

"మావా!" అని ఒక కేక వేసింది. కోడిపుంజులు కూడా కూత ఆపేశాయి.

నాయుడు దుప్పటితోనే బయటికి వచ్చాడు. ఆమె ముగ్గు చూపించింది, పుల్ల చూపించింది, కాగితం చదివి వినిపించింది. ఆయన వంగి ఒక్కొక్క టైరునూ తడిమి చూశాడు. తర్వాత గుమ్మం మీద కూలబడ్డాడు. "బంకు కాడ నేనే కొట్టించాను. లారీకి అంతే కొట్టీవోళ్ళం," అన్నాడు. "ముప్పై ఏళ్ళ ఇద్య. అది కూడా తప్పయిపోనాది. కళ్ళూ పోనాయి. ఇంకెందుకు నేను?"

ఆ మనిషిని అలా చూస్తే నాకు కోపమంతా పోయింది. నూకరత్నానికి కూడా పోయినట్టుంది. ఆమె పక్కన కూర్చుని, "లారీకి అదే రైటు మావా. ఇది లారీ కాదు, అంతే. ఇద్య ఎక్కడికీ పోలేదు," అంది. కొంచెం ఆగి అడిగింది. "మంచులో నాకూ నాలుగడుగులే కనిపిస్తాది. లారీ తోలేటప్పుడు అంత మంచులో నువ్వేటి సేసీవోడివి?"

"అద్దం దించీసి ఇనీవోణ్ణి," అన్నాడాయన. "మలుపు అవతల ఏ బండి వస్తందో, లోడుందో ఖాళీదో, సెవులకే తెలిసిపోద్ది."

"అయితే సెవులతో తోలు. కాళ్ళూ సేతులూ నేను సూసుకుంటాను. కానీ ఒక షరతు. పనికొచ్చినప్పుడే మాటాడాల."

పుల్లతో కొలుస్తూ మా నలుగురి గాలి తీసింది. బుస్సుమని పోతుంటే ఎంత హాయిగా ఉందో! అంచులు నేలకు ఆనాయి. మొదటిసారిగా నేను నా మొత్తం ఒంటితో లంబసింగి మట్టిని ముట్టుకున్నాను.

మూడో లోడు రోజున మంచు ఎలా ఉందంటే, కారు ముందు భాగం కూడా సగమే కనిపిస్తోంది. ఆరు కాకముందే బయలుదేరి, ఘాటీ మొదట్లో టీ బడ్డీ దగ్గర నూకరత్నం బండి పక్కకు తీసి ఆపేసింది. "ఇలాగైతే పోను మావా."

నాయుడు అద్దం దించి బయటికి చూసి, "నాకు రోజూ ఇంతే కనిపిస్తాది," అని నవ్వాడు. "మంచి పని సేసావు. ఆగడం కూడా తోలడమే. పావుగంట సూద్దాం."

పావుగంట ఇరవై నిమిషాలైంది. ఆమె గడియారం చూసుకోవడం, టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, మళ్ళీ గడియారం చూసుకోవడం. బస్సు తప్పితే మడి పోతుంది. తొందరపడితే ఇంకేమేం పోతాయో. చివరికి రోడ్డు పక్క తెల్లగీత బారెడు దూరం కనిపించగానే కదిలాం. చిన్న లైటు, రెండో గేరు, రెండు అద్దాలూ దించేశారు. చలి లోపలికి వచ్చి కూర్చుంది. ఆయన కళ్ళు మూసుకుని చెవి బయటికి పెట్టాడు.

"లోడు లారీ. ఎక్కతంది. మొదటి గేరు. మనకి దూరం, పోనీ." లారీ నిజంగానే కాసేపటికి ఎదురొచ్చి, తన దారిన తాను పోయింది. "బైకు. ఇద్దరు మనుషులు." బైకు మీద ఇద్దరు. నూకరత్నానికి ధైర్యం రావడం నాకు స్టీరింగు లోంచే తెలిసింది. రెండు రోజుల కిందట గొంతు పట్టుకున్నట్టు పట్టుకున్న చేతులు ఇప్పుడు మెత్తగా తిప్పుతున్నాయి. జారిన నాలుగో మలుపు వచ్చింది. తడి ఆకులు అలాగే ఉన్నాయి. నేను ఊపిరి బిగబట్టాను. నీళ్ళు నా గాడుల్లోంచి పక్కకు చిమ్మాయి, మిగిలిన ఒళ్ళంతా రోడ్డును కరిచింది. మలుపు దాటేశాం. ట్రేలలో ఒక్క పండు కూడా దొర్లలేదు.

ఏడో మలుపుకు ముందు నాయుడు చెయ్యెత్తాడు. "ఆగు. ఆగు రత్నం. పాట ఇనిపిస్తంది."

"పాటేటి?"

"రోడ్డు మీద పాట. కదల్డం లేదు. మన పక్కే."

ఆమె బ్రేకు తొక్కలేదు, అడిగింది. ఒకసారి, ఇంకొకసారి, ఇంకొంచెం. మేము నలుగురం ఇచ్చాం. కారు మెల్లగా, పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు ఆగింది. రెండు బారల దూరంలో, సరిగ్గా మలుపు నడుమ, మా దారిలో ఒక పెద్ద కారు. లైట్లు లేవు. నాలుగు తలుపులూ తెరిచి, పాట పెట్టుకుని, అయిదుగురు యువకులు మంచును ఫోటోలు తీసుకుంటున్నారు. మమ్మల్ని చూసి చెల్లాచెదురయ్యారు. "సారీ ఆంటీ, వ్యూ బాగుందని..." అన్నాడొకడు.

నూకరత్నం దిగింది. "ఏ వ్యూ బాబూ? మంచు తప్ప ఏటి కనిపిస్తంది ఇక్కడ? మీ అమ్మలు ఇంటికాడ మీకోసం సూస్తంటారు. ముందు బండి పక్కకి తీసి లైటు వెయ్యండి!" అయిదుగురూ బడిపిల్లల్లా బండి ఎక్కి పక్కకు తీశారు. ఆమె మళ్ళీ కూర్చుని స్టీరింగు మీద చేతులు పెట్టింది. ఈసారి అరగంట పట్టలేదు. నాయుడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఒలమ్మో, నువ్వు గట్టి డ్రైవరువే," అన్నాడు.

ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా బస్టాండు చేరాం. కండక్టరు అప్పలస్వామి అప్పటికే ఒక ట్రేకు సరిపడా చోటు వేరే మూటకు ఇచ్చేశాడు. నూకరత్నం ముఖం చూసి ఆ మూటను టాపు మీదికి గిరాటేశాడు. బస్సు వెళ్ళిపోయాక ఇద్దరూ ఇంటికి పోలేక మీరావలి కొట్లో కూర్చున్నారు. పదకొండున్నరకు ఫోను మోగింది. సుభాషిణి గారి గొంతు కొట్టంతా వినిపించింది. "నూకరత్నమ్మగారూ, పండ్లు ఇప్పుడే కోసినట్టున్నాయండీ! ఇలాగే పంపుతానంటే సీజనంతా నాకే పంపండి."

నూకరత్నం ఫోను పెట్టేసి, పక్కనున్న పాత టైరు మీద కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. మీరావలి టీ తెప్పించాడు. నాయుడు లేచి నిలబడి మొలతాడు ముడి విప్పాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "ఇంక నాకివ్వకు," అన్నాడు. అంత చిన్న తాళంచెవి ఇవ్వడానికి ఆయనకు మూడు లోడ్లు పట్టింది. అయినా ఇచ్చాడు, అది గొప్పే.

ఆ తర్వాత నాలుగు శీతాకాలాలు తిరిగాను. వారానికొకసారి పుల్ల పెట్టించుకున్నాను. మలుపులు, మంచులు, ఎర్రటి లోడ్లు. అయిదో ఏడు సీజనుకు ముందు ఆమె నా గాడుల్లో వేలు పెట్టి చూసి, చాలంది. "ఇంకో సీజను వస్తాది," అన్నాడు నాయుడు. ఆమె వినలేదు. ఎవరో పాత కారువాడు కొనుక్కుంటానంటే ఇవ్వలేదు. ఇంకొకరి ప్రాణం మీదికి నన్ను పంపకూడదని తనే కత్తితో నా పక్కన కోసేసింది. నేను బాధపడలేదు. నా వయసు తెలిసిన మనిషి చేతిలో రిటైరవడం టైరుకు దొరికే పెద్ద మర్యాద. ఇప్పుడు నన్ను స్కూలు మైదానంలో సగం పాతి నిలబెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అయిదుగురు ఆమె దగ్గర డ్రైవింగు నేర్చుకుంటున్నారు. నన్ను మలుపు అనుకుని తిరగాలి. వారానికి రెండుసార్లయినా ఎవరో ఒకరు నన్ను గుద్దుతారు. నాకు దెబ్బ తగలదు, వాళ్ళకే నవ్వాగదు.

ఎండ కాచే మధ్యాహ్నాల్లో నేను గుర్తు చేసుకునేది మాత్రం ఒక్కటే. మూడో లోడు దించిన రోజు, తాళంచెవి ఇచ్చాక, తిరిగి కొండ ఎక్కిన ప్రయాణం.

మంచు విడిపోయింది. కాఫీ తోటల మీద ఎండ పడి ఆకులు తడిగా మెరుస్తున్నాయి. ఖాళీ ట్రేలు వెనక చిన్నగా గలగలమంటున్నాయి. అద్దాలు ఇంకా దించే ఉన్నాయి గానీ వినవలసింది ఏమీ లేదు. మొదటి మలుపులో నేను ఎప్పటిలాగే నెత్తి మీద ఆయన కాలి తొక్కుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. రెండో మలుపులోనూ రాలేదు. కాలు పట్టా మీద ఉంది, బరువు లేదు.

ముప్పై ఏళ్ళలో ఆయన మరొకరు తోలే బండిలో ఎన్నడూ కన్ను మూయలేదట. క్లీనర్లు తోలినా, తోటి డ్రైవర్లు తోలినా, చివరికి పెళ్ళి బస్సులో కూడా కళ్ళు తెరుచుకుని రోడ్డే చూసేవాడట. ఈ మాట తర్వాత ఎప్పుడో నూకరత్నమే నేర్చుకునే వాళ్ళతో చెబుతుంటే విన్నాను.

మూడో మలుపు దగ్గర ఆయన తల పక్కకు వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. గురక సన్నగా మొదలైంది. నూకరత్నం ఒకసారి పక్కకు చూసింది. ఎడమ చేత్తో తన మఫ్లరు తీసి ఆయన మెడ మీద వేసి, గేరు ఒకటి తగ్గించింది. ముందు ఒక చిన్న గొయ్యి ఉంది. ఆయన నిద్ర చెడకుండా దాన్ని పక్కకు తప్పించి, నన్ను మెత్తటి దారిలో నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్ళింది.